పత్రమునందు పేరు లేనివారు

మాకు ఇంగ్లీషు వచ్చునను కీర్తి మా చుట్టుప్రక్కల గ్రామములయందు చిరకాలమునుండి వ్యాపించి యున్నది. మర్యాదకై కీర్తి యంటిమి గాని నిజమునకు అది యొక వెట్టి. బ్యాంకువారి నోటీసు, ఆసుపత్రివారి చీటి, కువైటునుండి వచ్చిన పని కాగితము, అన్నియు మా బడి వసారాకే నడచి వచ్చుచుండును. సంస్కృతము చదివినందులకు ముహూర్తము లడుగువారును, ఇంగ్లీషు చదివినందులకు దస్తావేజులు చదివించుకొనువారును మా సాయంకాలములను అన్నదమ్ములవలె పంచుకొనుచున్నారు. ఇందులకు మే మెన్నడును విసుగుకొనలేదు. చదువు వచ్చినవాడు రానివానికి కన్నుగా నుండవలెనని పిల్లలకు బోధించువారమే గదా! అయితే కన్ను తాను చూచినదానిని మాత్రమే చెప్పును. చూడక విడిచినదానిని గూర్చి కన్నునకు సిగ్గు లేదు. ఆ సిగ్గు మాకు కలిగిన కథను ఇపు డీ పత్రికా పాఠకుల యెదుట చెప్పుకొనవలసి యున్నది.

ఏడెనిమిది సంవత్సరముల క్రిందట ఒక వేసవి సాయంకాలమున మా బడికి ఆఱేడు కిలోమీటర్ల దూరముననున్న పల్లెనుండి రైతులు కొందఱు వచ్చి మమ్ము పిలుచుకొని పోయిరి. ఆ పల్లె పేరును గాని, అచ్చటికి వచ్చిన కంపెనీ పేరును గాని చెప్పము. చెప్పినచో తప్పు వారి మీదికి పోవును. మేము చెప్పబోవు తప్పు మాది. అది కర్ణాటక సరిహద్దును ఒరసికొని యున్న మెట్టప్రాంతము. వాన వచ్చిన యేడు వేరుసెనగ, రాని యేడు అప్పు: ఇదియే అచ్చటి పంటల క్రమము. రచ్చకట్టమీద వేపచెట్టు క్రింద కుర్చీ వేసి మమ్ము కూర్చుండబెట్టి, నలువది పుటల కౌలు ఒప్పందమును చేతి కిచ్చిరి. సౌరవిద్యుత్ కేంద్రమునకై వారి చేలను ఇరువదియైదేండ్లకు పైబడిన కాలమునకు కౌలుకు పుచ్చుకొనుటకు వ్రాసిన పత్రమది. అంతయు ఇంగ్లీషే.

మేము రెండు గంటలసేపు చదివి చెప్పితిమి. ఎకరమునకు కౌలు ఎంత, ఎన్నాళ్ల కొకసారి పెరుగును, ఏ మాసమున బ్యాంకులో జమ యగును, యజమాని చనిపోయినచో వారసులకు ఎట్లు చెందును, గడువు ముగిసిన పిమ్మట నేల ఏ స్థితిలో తిరిగి వచ్చును, తగవు వచ్చినచో ఏ యూరి న్యాయస్థానమున తీరును: ఒక్కొక్క షరతును విప్పి, అనుమానమున్నచోట ఎఱ్ఱసిరాతో గీత గీసి, రైతులచేత మరల చెప్పించితిమి. వారు సంతోషించిరి. మేమును సంతోషించితిమి. లేచి కండువా దులుపుకొనుచుండగా, కట్టకు దూరముగా గోడ నానుకొని నిలుచున్న యాడువారిలో ఒక వృద్ధురాలు ముందుకు వచ్చి, "మా పేర్లు యాడ రాసినారు సామీ?" అని అడిగెను.

"నీకు భూమి ఎంత ఉందమ్మా?" అంటిమి.

"భూమి యాడిది సామీ? ఈ సేండ్లలో కూలి సేసేటోళ్లం."

"భూమి లేనివాళ్లకు దీంట్లో ఏమీ ఉండదమ్మా. ఇది భూమి ఉన్నవాళ్లకూ కంపెనీకీ మధ్య కాగితం" అని చెప్పి, ఆమె మఱియేమైన నడుగునేమో యని నిలువకయే మోటారుసైకి లెక్కితిమి.

మేము చెప్పినది అక్షరాల నిజము. అందువలననే అది యిన్నేండ్లుగా మమ్ము బాధించుచున్నది. అబద్ధము చెప్పియుండినచో క్షమాపణ చెప్పుకొని మఱచియుందుము. నిజము చెప్పుచునే అన్యాయము చేయవచ్చునని యానాడు నేర్చుకొంటిమి. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకువారము గనుక ఆ పత్రమును వ్యాకరణదృష్టితో తరువాత చాలసార్లు తలపోసితిమి. ఒప్పందమునందు ఉత్తమపురుషయు మధ్యమపురుషయు మాత్రమే కలవు: నేను ఇచ్చెదను, నీవు పుచ్చుకొనుము. "వారు" అను ప్రథమపురుషకు అందులో తావు లేదు, క్రియ లేదు. కాని యొక చేనిమీద బ్రదుకువారిలో ఎక్కువమంది ఆ "వారే."

మరుసటి సంవత్సరము ఆ చేలచుట్టు ఇనుపకంచె లేచెను. కంచెలోపల నీలిరంగు ఫలకములు వరుసలు వరుసలుగా సూర్యునివైపు మొగము లెత్తెను. భూమిగల రైతుల మాట మొదట చెప్పుట న్యాయము. మబ్బుకై ఆకాశమువైపు చూచు బాధ వారికి తప్పినది. కౌలు కాలమునకు వచ్చినది. ఒకని యప్పు తీరినది. ఒకని కూతురు నర్సింగు చదువునకు పోయినది. దీనిని మేము కన్నులార చూచితిమి. కాదనువాడు ఆ నేలమీద ఒక్క పంటకాలము సేద్యము చేసి పిమ్మట మాటాడవలెను.

ఇక కంచె వెలుపలి మాట. వేరుసెనగకు కలుపు తీయుట, చెట్లు పెఱుకుట, కాయ తెంపుట: ఏడాదిలో కొన్ని నెలలు ఆ పల్లె యాడువారికి చేతినిండ పని యిచ్చినవి ఇవియే. పంట పోయినది గనుక పని పోయినది. కోత ముగిసిన చేలలో మేకలను గొఱ్ఱెలను తోలుకొను నాచారము ఏ కాగితమునందును లేదు గాని, కాపరులకు అదియే ఆస్తి. కంచె వచ్చినది గనుక అదియు పోయినది. చెఱువునకు పోవు దారి చుట్టు తిరిగినది. మా యెనిమిదవ తరగతిలో ముందువరుసను కూర్చుండు బాలుడొకడు దసరా సెలవుల తరువాత బడికి రాలేదు. విచారింపగా తల్లిదండ్రులతో బెంగుళూరునకు ఇండ్లు కట్టు పనికి పోయెనని తెలిసినది. హాజరుపట్టీలో వాని పేరున కెదురుగా నెలలకొలది గైరుహాజరు గుర్తులు పెట్టి, తుదకు నియమప్రకారము పేరు కొట్టివేసితిమి. వాడు ఆ వృద్ధురాలి మనుమడని తరువాత తెలిసినది. ఒక్క కుటుంబమునే మేము రెండు మాఱులు కాగితమునుండి వెలుపల నుంచితిమి.

ఇది మే మెఱిగిన యొక పల్లె కథ. ఇందలి ధర్మసందేహము ఒక పల్లెతో ముగియునది కాదు గనుక, దేశమంతట తెలిసిన దృష్టాంతము నొకదానిని చూతము. మా సరిహద్దు కావల, కర్ణాటకములోని తుమకూరు జిల్లాలో, పావగడ తాలూకా కలదు. పటములో చూచినచో దాదాపు అన్ని వైపులను ఆంధ్రదేశముచే చుట్టబడియుండును. అచ్చటి పల్లెలలో కన్నడముతోపాటు తెలుగును ఇంటిభాషయే. 2015వ సంవత్సరమున అచ్చట సౌరవిద్యుత్ పార్కు నేర్పఱచుటకు కర్ణాటక ప్రభుత్వ సంస్థయు కేంద్రప్రభుత్వ సంస్థయు కలసి యొక కంపెనీని స్థాపించినవి. తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు అను నైదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు దీనికి చేరినవి. 2018లో మొదటి భాగము పనిచేయసాగి, 2019 చివరకు పార్కు 2,050 మెగావాట్ల పూర్తి శక్తికి వచ్చినది. నేలను కొనలేదు, బలవంతముగా సేకరింపలేదు. సుమారు 2,300 మంది రైతులవద్ద కౌలుకు పుచ్చుకొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకసారి నూటికి అయిదు చొప్పున పెంపు. రైతును నేలనుండి వెడలగొట్టక స్వామ్యము నాతనికే యుంచిన యీ పద్ధతిని పలువురు మెచ్చుకొనిరి. మెచ్చదగినదే.

ఐనను బడిపంతులు లెక్క చేయక మానడు. 13,000 ఎకరములకు 21,000 చొప్పున ఏటికి 27 కోట్ల 30 లక్షల రూపాయలు. ఇది పెంపు లేని మొదటి లెక్క. ఈ ధనమంతయు భూమి యెవరి పేర నున్నదో వారికే చెందును. ఎక్కువ భూమి గలవానికి ఎక్కువ, తక్కువ గలవానికి తక్కువ, లేనివానికి శూన్యము. సేద్యమున్న కాలమున నేల ఫలము రెండు పాయలుగా పాఱెడిది: ఒక పాయ యజమాని గాదెకు, రెండవ పాయ కూలివాని కుండకు. రెండవది సన్నని పాయయే. కరవు కాలమున ఎండునదియే. ఐనను పాయ యుండెడిది. కౌలుపద్ధతి వచ్చిన పిమ్మట మొదటి పాయ నిండుగా పాఱుచున్నది, రెండవదానికి అడ్డుకట్ట పడినది. పార్కులో కావలి, గడ్డికోత, ఫలకములు కడుగుట మొదలగు పనులు కొందఱికి దొరకినవి; అవియు గుత్తేదారుల క్రింది పనులు. సేద్యము పోషించిన చేతులన్నిటికి అవి చాలవని పరిశోధకులును పత్రికలవారును పావగడకు పోయి చూచి వ్రాసియున్నారు.

చట్టము ఏమి చేయుచున్నదని చదువరు లడుగవచ్చును. 1894 నాటి పాతచట్టము స్థానమున వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టము ఈ విషయమున గొప్పమాట యొకటి చెప్పినది. ప్రభుత్వము భూమిని సేకరించునపుడు నష్టపడు కుటుంబ మనగా యజమాని కుటుంబము మాత్రమే కాదనియు, సేకరణకు పూర్వము మూడేండ్లుగా ఆ ప్రాంతమున పనిచేసి బ్రదికిన కూలీలు, కౌలురైతులు, చేతిపనివారును నష్టపడువారే యనియు నిర్వచించినది. సామాజిక ప్రభావమును ముందుగా విచారింపుమనియు శాసించినది. కాని యజమాని తాన యిష్టపడి కౌలు కిచ్చినచోట సేకరణయే లేదు. సేకరణ లేనిచోట ఆ నిర్వచనమునకు ప్రవేశము లేదు. ఇక పర్యావరణపు ముందస్తు అనుమతి. 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి పెద్ద బొగ్గుగనికిని బొగ్గుతో నడచు పెద్ద విద్యుత్ కేంద్రమునకును అది కావలెను; అందులో ప్రజాభిప్రాయమును వినుసభ యొక భాగము. సౌరఫలకముల కేంద్రములకు ఆ అనుమతి యక్కఱ లేదు. పొగ లేదు, బూడిద లేదు గనుక సడలించిరి. సడలింపునకు కారణము లేకపోలేదు. అయితే పొగతోపాటు సభయు పోయినది. బొగ్గు కేంద్రము వచ్చునపుడు ఆ వృద్ధురాలు లేచి "మా పేర్లు యాడ?" అని అడుగుటకు ఒక దినమును, ఒక పందిరియు, వినుటకు ఒక యధికారియు ఉందురు. అడిగినంత మాత్రమున న్యాయము జరుగునని మేమనము; అడిగినదని యొక కాగితముమీద పడునని మాత్రమే యనుచున్నాము. సౌరకేంద్రము వచ్చునపుడు ఆమెకు మా యెదుట నిలుచుట తప్ప వేఱు సభ లేకపోయెను. ఆ సభలో ఆమెకు లభించిన తీర్పును పైన వ్రాసితిమి.

"చట్టము కోరినదంతయు చేసితిమి, ఇంకేమి కావలెను?" అని వ్యాపారు లందురు. ఈ ప్రశ్నకు లోకము సమాధానము చెప్పి యేండ్లు గడచినవి. 2011 జూను నెలలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి వ్యాపారమును గూర్చియు మానవహక్కులను గూర్చియు మార్గదర్శక సూత్రములను ఆమోదించెను. ఆచార్య జాన్ రగ్గీ ఆఱేండ్లపాటు ప్రభుత్వములతోను, వ్యాపారులతోను, బాధితులతోను సంప్రదించి కూర్చిన సూత్రములవి, సంఖ్య 31. వాని సారము మూడు మాటలు. హక్కులను రక్షించుట ప్రభుత్వము విధి. వానిని గౌరవించుట వ్యాపారసంస్థ బాధ్యత. భంగము కలిగినచోట పరిహారమునకు దారి చూపుట ఉభయుల పని. ఇవి శిక్షవేయు శాసనములు కావు. ఐనను వీనిలో రెండు విషయములు మాకు మిక్కిలి విలువైనవిగా తోచినవి. మొదటిది: వ్యాపారి బాధ్యత దేశచట్టమునకు తోక కాదు, చట్టము నిద్రించుచున్నను అది మేల్కొనియే యుండవలెను. రెండవది: ఒకచోట చేసిన మేలు మఱియొకచోట చేసిన హక్కుభంగమునకు చెల్లు కాదు. మన దేశమునందును 2019లో కంపెనీ వ్యవహారముల మంత్రిత్వశాఖ ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార సూత్రములు తొమ్మిదింటిలో అయిదవది మానవహక్కులను గౌరవింపుమనియే చెప్పుచున్నది. స్టాకు మార్కెట్టులో నమోదైన కంపెనీలలో పెద్దవైన వేయింటిని 2022-23 మొదలు ఏటేట ఈ విషయములపై నివేదిక నీయుమని సెబీ శాసించినది. కనుక "మాకు తెలియదు" అను మాట ఇక పెద్ద కంపెనీల నోట చెల్లదు.

రెండవ విషయమును మన వ్యాపారులు ముఖ్యముగా గమనింపవలెను. 2013 నాటి కంపెనీల చట్టము నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలను తమ సగటు నికరలాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకై వెచ్చింపుమన్నది. దానితో బడికి బల్లలు వచ్చును, మంచినీటి యంత్రము వచ్చును. మా బడికిని వచ్చినవి. మా పిల్లలు ఆ బల్లలమీదనే కూర్చుందురు. కృతజ్ఞత లేనివారము గాము. కాని దానము వేఱు, ఋణము వేఱు. మనుష్యుడు ఋణములతోనే పుట్టుచున్నాడని మన పెద్దలు చెప్పిరి గాని, దానములతో పుట్టుచున్నాడని చెప్పలేదు. దానము చేయుట మన యిచ్ఛ. ఋణము తీర్చుట మన యిచ్ఛ కాదు. అప్పు తీర్పని షావుకారు గుడికి గంట కట్టించినచో ఊరివారు నవ్వరా? కూలి పోయిన తల్లి బిడ్డ బెంగుళూరులో ఇటుకలు మోయుచుండగా, వాడు లేని తరగతిగదికి బల్ల నిచ్చుట యట్టిదే.

ఇచట నొక ఆక్షేపణము కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. "సౌరవిద్యుత్తు చౌకగా నుండవలెను. ప్రతివాని పేరును పత్రమున చేర్చినచో ధర పెరుగును, ధర పెరిగినచో బొగ్గు పోదు, బొగ్గు పోనిచో ఎండలు మండి ఆ కూలివాడే ముందు కూలును" అని. ఇందులో సత్యము కలదు. వేసవి వడగాడ్పునకు మొదటి యాహుతి యగువాడు చేనిలో పనిచేయువాడే గాని చల్లని గదిలో కూర్చుండువాడు కాడు. 2021లో గ్లాస్గో సభయందు భారతదేశము 2070 నాటికి కర్బన ఉద్గారములను నికరముగా సున్నకు తెత్తునని మాట యిచ్చినది. 2030 నాటికి బొగ్గు, చమురులతో నిమిత్తము లేని విద్యుత్ సామర్థ్యమును 500 గిగావాట్లకు పెంచుదు నన్నది. ఆ మాట నిలుపుకొనవలసినదే. మేము ఫలకములకు శత్రువులము గాము.

ఐనను మా పిల్లలకు ఇచ్చునట్టి లెక్క యొకటి చేయుదము. ఒక మెగావాటు సౌరకేంద్రము ఏటికి ఉరమరగా పదునాఱు లక్షల యూనిట్లు ఇచ్చునని పెట్టుకొందము. 2,050 మెగావాట్లకు 328 కోట్ల యూనిట్లు. యూనిట్టుకు ఒక్క పైస ప్రక్కన పెట్టినచో ఏటికి 3 కోట్ల 28 లక్షల రూపాయలు. అయిదు గ్రామముల భూమిలేని కుటుంబములకు అది చిన్న మొత్తము కాదు. విద్యుత్తు కొనువానికి అది కనబడు భారమును కాదు. రూపాయిలో నూఱవ వంతు మిగుల్చుకొనుటకై కూలివాడలను వీధిలో నిలుపుట చౌకదనము గాదు, లోభము. ఆ లోభము కంపెనీవారిది మాత్రమే కాదు. ఆ విద్యుత్తుతో పంకా త్రిప్పుకొని నిద్రించు మన మందఱమును దానిలో భాగస్వాములమే.

ఈ న్యాయము క్రొత్త కంచెకే కాదు, పాత గనికిని వర్తించును. "న్యాయమైన పరివర్తనము" అను మాట పుట్టినదే కార్మికుల నోట. అమెరికాలో చమురు, రసాయన కర్మాగారముల కార్మికసంఘ నాయకుడు టోనీ మజోచ్చి దానికి ఆద్యులలో నొకడు. 2015 నాటి పారిస్ ఒడంబడిక పీఠికలో ఆ భావము చేరినది. మన తెలంగాణములో 1889 నుండి బొగ్గు త్రవ్వుచున్న సింగరేణి యిపుడు సౌరకేంద్రములను గూడ కట్టుచున్నది. ఏ దేశమునందైనను గని మూతపడినపుడు పట్టీలో పేరున్న కార్మికునికి బదిలీయో, పింఛనో, కొంత సొమ్మో అడుగుటకు ఆధారము కలదు. గుత్తేదారు క్రింద బొగ్గు మోసినవానికి, గేటు ఎదుట టీ కాచి అమ్మినదానికి ఆ యాధారము లేదు. అచ్చటను అదే ప్రశ్న: మా పేర్లు ఎచ్చట వ్రాసితిరి?

ఫలకము సయితము కంచెవద్ద పుట్టినది కాదు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతమున వీగర్ ప్రజలచేత నిర్బంధముగా పని చేయించుచున్నారను ఆరోపణలపై అమెరికా 2021లో చట్టము చేసి, 2022 జూను మొదలు అచ్చటి సరకును తన రేవులలో ఆపుచున్నది. ఆ చట్టము ప్రత్యేకముగా పేర్కొన్న సరకులలో సౌరఫలకములకు వాడు సిలికాను ఒకటి. తన చేతితో చేసిన కీడునే కాక, తాను కొనుచోట, తాను పని గుత్త కిచ్చుచోట కలుగు కీడును గూడ వెదకి చూడుమని మార్గదర్శక సూత్రములు వ్యాపారిని కోరుచున్నవి. వెదకువానికే కనబడును. మేము ఆనాడు వెదకలేదు.

అయితే ఏమి చేయవలెను? మాకు తోచినవి చిన్న మాటలే. పత్రము వ్రాయుటకు ముందు ఆ నేలమీద బ్రదుకువారి నందఱను లెక్కింపవలెను: సర్వే నంబర్ల లెక్క కాదు, మనుష్యుల లెక్క. పత్రము ఆ ప్రాంతపు భాషలో నుండవలెను. రచ్చకట్టమీదనే కాక కూలివారి వాడలోను, వారు పనినుండి తిరిగివచ్చిన వేళ, చదువబడవలెను. కంచెలోని పనులలో మొదటి హక్కు పని పోగొట్టుకొన్నవారిదై, స్త్రీకి పురుషునితో సమానమైన కూలి యుండి, గుత్తేదారు మాఱినను పని పోకుండవలెను. ఫలకముల క్రింద మొలచు గడ్డిని కాపరులకు విడుచుట అసాధ్యము కాదు. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను కొన్ని కేంద్రములవారు తామే గొఱ్ఱెలను పిలిపించి మేపించుకొనుచున్నారు. యూనిట్టుకు పైసవంటి నిలుకడగల భాగము, కేంద్రము నడచునన్నాళ్లు, భూమిలేనివారికి చేరవలెను. ఫిర్యాదు వినువాడు కంపెనీ జీతము తినువాడు కాకూడదు. ఇవి దయాధర్మములు కావు. ఇనుపస్తంభముల ధర సరసన, తీగల ధర సరసన, మొదటి దినమే వ్రాయవలసిన ఖర్చులు.

సూర్యునకు మనవారు పెట్టిన పేర్లలో రెండు మాకు తఱచు జ్ఞప్తికి వచ్చుచుండును. ఒకటి లోకబాంధవుడు; రెండవది కర్మసాక్షి. ఆయన వెలుతురును యూనిట్లుగా అమ్ముకొనువారు మొదటి పేరును ప్రకటనలలో వాడుకొనుచున్నారు. రెండవ పేరును గూడ వారు మఱవకుందురు గాక.

గత సంవత్సరము మఱియొక పల్లెనుండి మాకు పిలుపు వచ్చినది. అదే రచ్చకట్ట, అదే కుర్చీ, అట్టి పత్రమే. ఈ మాఱు కాగితము విప్పకుండ, "కాలనీవాళ్లు కూడా రావాలి. వాళ్లు వచ్చి కూర్చున్నాక చదువుతాం" అంటిమి. కంపెనీ తరఫున వచ్చిన యువకుడు వినయముగనే, "వాళ్లకు దీంతో సంబంధం లేదు కదా సార్?" అనెను. అది వెనుకటి మా మాటయే. ఇంకొకరి నోట విన్నపుడు గాని అది యెంత కఠినమైనదో మాకు తెలియలేదు. "సంబంధం ఉంది. అది కాగితంలోకి రాలేదు, అంతే" అంటిమి. రైతులలో ఇద్దఱు ముగ్గురు సణిగిరి. పెద్దరైతొకడు మాత్రము లేచి, "పిలవండప్పా! వాళ్లు లేకుండా మనం ఏ పంట ఎత్తినాం?" అనెను. వారు వచ్చి కూర్చుండిరి. ఆ రాత్రి సంతకములు కాలేదు. మా పదవ తరగతి పిల్లలు నలుగురు మరునాడు ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఏ చేనిలో ఏ పని చేయుదురో, ఎవరి మందలు ఎచ్చట మేయునో విచారించి ఆఱు పుటల పట్టిక వ్రాసిరి. యువకుడు దానిని తీసికొని, పైవారికి చూపెదనని చెప్పి పోయెను. పైవా రింకను బదులు చెప్పలేదు. ఎన్నాళ్లు ఎదురుచూతురో గాని, బదులు వచ్చువఱకు ఆ పల్లె రైతులు సంతకము చేయమని కూర్చుండిరి. పట్టిక ప్రతి యొకటి మా బడి బీరువాలో భద్రముగా నున్నది.

ఆ పిమ్మట మొదటి పల్లెకు పోయి వృద్ధురాలిని చూచితిమి. మనుమడు బెంగుళూరులో మేస్త్రీ పని నేర్చెనట. ఆనాడు నిలువకుండ పోయినందులకు తప్పు చెప్పుకొని, రెండవ పల్లెలో జరిగినది వివరించితిమి. ఆమె మా క్షమాపణను పట్టించుకొనలేదు.

"ఆ కాగితంలో మా పేర్లు ఉండాయా?" అనెను.

"లేవమ్మా. అది వేరే ఊరు."

"అట్లయితే మావి గూడా రాయి సామీ."

ఆమె గడపలో కూర్చుండి, ఆమె చెప్పినది చెప్పినట్లు మోకాలిమీద కాగితము పెట్టుకొని వ్రాసితిమి: పేరు, చేసిన పనులు, ఏ చేలలో ఎన్నేండ్లు. ఇరుగుపొరుగువారును వచ్చి చెప్పిరి. కాగితమును కంపెనీవారికి పంపితిమి. జవాబు వచ్చిన దినమున ఈ పత్రికకు వ్రాయుదుము. ఈ పత్రికను చదువువారిలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వకీళ్లు, కంపెనీ యుద్యోగులు పెక్కురు కలరు. చదివి చెప్పుమని మీ చేతికి ఏ పత్రము వచ్చినను, మొదట దానిలో పేరు లేనివారిని పిలిపించి, కూర్చుండబెట్టి, పిమ్మట చదువుడు.